సముద్రంలో తెడ్డు వేసే చేతికి ఏ వాచీ?

రెండేళ్ల కిందట ఒక ఆదివారం విశాఖ రుషికొండ బీచ్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) దిగి ఒడ్డుకు వస్తుంటే, నా చేతి బ్యాండు స్క్రీను లోపల ఆవిరి పట్టినట్టు కనిపించింది. అది కొని నాలుగు నెలలే అయింది. డబ్బా మీద నీళ్లకు తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు పెద్ద అక్షరాలతో ఉంది. సాయంత్రానికి స్క్రీను మీద గీతలు వచ్చాయి, మర్నాటికి చార్జింగ్ ఎక్కడం మానేసింది. రిపేరు షాపు కుర్రాడు దాన్ని వెనక్కి తిప్పి, చార్జింగ్ పిన్నుల చుట్టూ పట్టిన పచ్చటి చిలుమును గోటితో గీకి చూపించాడు. "సార్, మామూలు నీళ్లయితే ఇంత అయ్యేది కాదు సార్. ఇది ఉప్పు. బీచ్‌కి పెట్టుకెళ్లేవాళ్లవి ఇలాంటివి చాలా వస్తాయి మాకు" అన్నాడు. వారంటీ కాగితం తీసి చూస్తే, నీటి వల్ల జరిగే నష్టానికి వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

అప్పటి నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా పట్టించుకున్నాను. నా అవసరాలు విశాఖలో చాలామందికి ఉండేవే. ఆదివారం పొద్దున్న కయాక్ గానీ, నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డు గానీ. మిగతా రోజుల్లో బీచ్ రోడ్డు మీద నడక. వీలైనప్పుడు కొలనులో ఈత. ఏడాదికోసారి సింహాచలం గిరి ప్రదక్షిణ. వీటన్నిటికీ పనికొచ్చేది ఒకటి కావాలి, అది ఉప్పునీటికి చచ్చిపోకూడదు. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. తెడ్డు వేసేవాళ్లు ఒక ఖరీదైన వాచీకి పెట్టే డబ్బును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మధ్యరకం జీపీఎస్ వాచీకి, ఇంకో ముక్క మోచేతి పైన కట్టుకునే హార్ట్ రేట్ సెన్సర్‌కి పెడితే ఎక్కువ లాభం. తెడ్డు పట్టినప్పుడు మణికట్టు అంత చెడ్డ చోటు ఇంకోటి లేదు కాబట్టి.

డబ్బా మీది అంకె

ఐపీ తర్వాత వచ్చే రెండు అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించింది. నీటి అంకె 7 అయితే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. 8 అయితే అంతకంటే ఎక్కువే, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీ కంపెనీయే నిర్ణయించుకుంటుంది. చాలా వాటికి ఒకటిన్నర మీటరు, 30 నిమిషాలు అని రాసి ఉంటుంది. ఈ పరీక్ష మంచినీళ్లలో, కదలకుండా ఉంచి చేస్తారు. సముద్రం అలా ఉండదు కదా.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నీటి అంకెల్లో 5, 6 అనేవి ధారగా వచ్చి కొట్టే నీటి కోసం. 7, 8 మునగడం కోసం. అవి వేరు వేరు పరీక్షలు. 8 వచ్చింది కాబట్టి 5, 6 కూడా పాసైనట్టే అనుకోకూడదు. అంటే బకెట్లో మునిగి బతికిన బ్యాండు, కెరటం వచ్చి ఛెళ్లున కొడితే తట్టుకుంటుందన్న హామీ ఆ అంకెలో లేదు.

మనం వెతకాల్సింది ఏటీఎం (అట్మాస్ఫియర్) అనే మాట. ఒక ఏటీఎం అంటే సుమారు 10 మీటర్ల నీటి ఒత్తిడి. 5 ఏటీఎం అని ఉంటే 50 మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడిని నిలకడ నీటిలో తట్టుకుందని అర్థం. 50 మీటర్లు దిగవచ్చని కాదు. ఈతకు, కయాక్‌కు, బోర్డు మీంచి పడి లేవడానికి ఇది సరిపోతుంది. నా మాట వింటే, సముద్రంలోకి 5 ఏటీఎం కంటే తక్కువది పెట్టుకుని దిగవద్దు, ధర ఎంత తక్కువైనా సరే. కొన్నింటికి రెండు అంకెలూ ఉంటాయి. శాంసంగ్ గెలాక్సీ ఫిట్3 మీద 5 ఏటీఎం, ఐపీ68 రెండూ రాసి ఉంటాయి. అలాంటప్పుడు చూడాల్సింది మొదటిదే. దీనికి తిరగేసిన ఉదాహరణ అమేజ్‌ఫిట్ బిప్ 5. దానికి సొంత జీపీఎస్ ఉంది, పెద్ద స్క్రీను ఉంది, చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటుంది. నీటి దగ్గర మాత్రం ఐపీ68 దగ్గరే ఆగింది. తర్వాత వచ్చిన బిప్ 6కి 5 ఏటీఎం ఇచ్చారు. ఒకే పేరు, పక్క అంకె మారితే నీటి సంగతే మారిపోతుంది. అందుకే కొనేముందు మోడల్ అంకెతో సహా సరిచూసుకోవాలి.

జెట్ స్కీ, స్కూబా వేరే లెక్క. మామూలు యాపిల్ వాచ్‌కి 50 మీటర్ల రేటింగ్ ఉన్నా, వాటర్ స్కీయింగ్ లాంటి వేగంగా నీళ్లు కొట్టే ఆటలకూ, స్కూబాకూ వాడవద్దని ఆ కంపెనీయే చెబుతుంది. రుషికొండలో స్కూబా నేర్చుకోవాలనుకునేవాళ్లు డైవింగ్ ప్రమాణం ఉన్న వాచీయే చూసుకోవాలి. యాపిల్ వాచ్ అల్ట్రా 40 మీటర్ల వరకు అలాంటి డైవింగ్‌కు పనికొస్తుంది. కయాక్ వరకే వెళ్లేవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు.

పిడికిలి బిగిస్తే నాడి సరిగా దొరకదు

వాచీ వెనక వెలిగే పచ్చ లైటు చర్మం కిందికి వెళ్లి, రక్తం ఎంత ఉందో దాన్ని బట్టి కొంత తిరిగి వస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం పెరిగి తగ్గుతుంది కదా, ఆ తేడాను లెక్కపెట్టి హార్ట్ రేట్ చూపిస్తుంది. నడకలో ఇది బాగానే పనిచేస్తుంది. బీచ్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు నా వాచీ చెప్పే అంకెకూ, నేను లెక్కపెట్టుకునే నాడికీ పెద్ద తేడా రాదు.

తెడ్డు పట్టుకుంటే కథ మారుతుంది. పిడికిలి బిగించి వదిలినప్పుడల్లా మణికట్టులో నరాలూ కండరాలూ కిందా మీదా జరుగుతాయి. చేయి మడిచినప్పుడు వాచీ చర్మం నుంచి కొద్దిగా లేస్తుంది, ఆ సందులోకి నీళ్లు, వెలుతురు దూరతాయి. లైటు చదివేది రక్తాన్నా, చేతి కుదుపునా అన్నది వాచీకే తెలియకుండా పోతుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి తెడ్డు లయనే లెక్కపెడుతుంది కూడా. ఒకరోజు బాగా ఆయాసం వచ్చేలా తెడ్డు వేసి ఆగి చూసుకుంటే వాచీలో 96 ఉంది. మెడ పక్కన వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెడితే 34 వచ్చింది, అంటే నిమిషానికి 136. మీరూ ఒకసారి ఇలా చూసుకోండి, మీ వాచీ మీకెంత నిజం చెబుతోందో తెలిసిపోతుంది.

ఇది చిన్న తప్పు కాదు. కేలరీలు, ఎంత కష్టపడ్డారు, ఎంత విశ్రాంతి కావాలి, ఇవన్నీ ఆ అంకె మీదే కడతారు. పునాది తప్పితే పైన ఎన్ని గ్రాఫులు గీసినా దండగే. గుండె విషయంలో డాక్టరు ఒక హద్దు చెప్పి ఉంటే మరీ జాగ్రత్త, ఆ హద్దు దాటామో లేదో తెడ్డు వేసే చేతికున్న వాచీని నమ్మి తేల్చుకోకూడదు.

దారులు రెండున్నాయి. ఒకటి ఛాతీకి కట్టే బెల్టు, పోలార్ హెచ్10 లాంటిది. అది లైటుతో కాకుండా గుండె విద్యుత్తును పట్టుకుంటుంది, కాబట్టి అంకె నికరంగా ఉంటుంది. కానీ లైఫ్ జాకెట్ కింద అది ఒరుసుకుంటుంది. మన ఊరి ఉక్కలో, ఉప్పు పేరుకున్న చర్మం మీద గంటసేపు అలా రాసుకుంటే మంట పుడుతుంది. నేను మూడు వారాలు ప్రయత్నించి మానేశాను. రెండోది మోచేతికి పైన, కండ మీద కట్టుకునే సెన్సర్, పోలార్ వెరిటీ సెన్స్ లాంటిది. ఇదీ లైటుతోనే పనిచేస్తుంది, కానీ అక్కడ కండ మెత్తగా, నిండుగా ఉంటుంది, పిడికిలి బిగించినా మణికట్టులా కుదుపు ఉండదు. దీనికి 50 మీటర్ల నీటి రేటింగ్ ఉంది, సొంత మెమరీ కూడా ఉంది. బ్లూటూత్ సంకేతం నీళ్లలోంచి దూరం వెళ్లదు. ఈతలో వాచీతో సంబంధం తెగినా సెన్సర్ తన దగ్గరే రాసుకుంటుంది, ఒడ్డుకొచ్చాక ఫోన్‌లోకి తీసుకోవచ్చు.

ఇలాంటిది కొనేముందు మీ వాచీ బయటి సెన్సర్‌ను కలుపుకుంటుందో లేదో చూసుకోండి. గార్మిన్ వాచీలు, యాపిల్ వాచ్ కలుపుకుంటాయి. అమేజ్‌ఫిట్‌లో కొన్ని మోడళ్లకే ఆ సౌకర్యం ఉంది. తక్కువ ధర బ్యాండ్లకు సాధారణంగా ఉండదు. అలాంటి బ్యాండు ఉన్నవాళ్లు సెన్సర్‌ను నేరుగా ఫోన్ యాప్‌కు కలిపి, ఫోన్‌ను నీళ్లు దూరని పౌచ్‌లో పెట్టుకుని వెళ్లవచ్చు.

జీపీఎస్ ఎవరిది, వాచీదా ఫోనుదా?

మా బావమరిది కిందటేడు ఒక వాచీ కొని, "బావా, దీంట్లో జీపీఎస్ కూడా ఉంది, ఇంత తక్కువలో ఎక్కడా రాదు" అని సంబరంగా చూపించాడు. ఫోన్ కారులో పెట్టి కయాక్ ఎక్కాడు. గంట తర్వాత చూస్తే మ్యాప్ ఖాళీ. ప్రకటనలో రాసింది "కనెక్టెడ్ జీపీఎస్", అంటే ఫోన్‌లోని జీపీఎస్‌ను అరువు తెచ్చుకునేది. ఫోన్ పక్కన లేకపోతే దారీ లేదు, నికరమైన దూరమూ లేదు.

నీటి ఆటలకు వాచీకి సొంత జీపీఎస్ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఫోన్‌ను పౌచ్‌లో తీసుకెళ్లేవాళ్లకైనా, చేయి నీళ్లలో మునిగినప్పుడల్లా బ్లూటూత్ తెగుతుంటే గీత ముక్కలు ముక్కలవుతుంది. షాపులోనే దీన్ని తేల్చుకోవచ్చు. ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి, వాచీని బయట ఆకాశం కనిపించే చోటికి తీసుకెళ్లి, ఆరుబయట నడక మోడ్ మొదలుపెట్టండి. ఉపగ్రహాల కోసం వెతుకుతున్నట్టు చూపించి, కాసేపటికి దొరికిందని చెబితే అది సొంత జీపీఎస్. ఫోన్ కలపమని అడిగితే కాదు. ద్వారకా నగర్ షాపుల్లో ఇలా అడిగితే మొదట వింతగా చూస్తారు గానీ, కొనేవాళ్లని తెలిస్తే కాదనరు.

మోచేతి పైన సెన్సర్ ఉంటే వాచీ మణికట్టు మీదే ఉండాలన్న నియమం కూడా పోతుంది. నేను ఇప్పుడు దాన్ని లైఫ్ జాకెట్ భుజం పట్టీకి, స్క్రీను ఆకాశం వైపు ఉండేలా కట్టి, పడిపోకుండా సన్నటి తాడు వేస్తాను. మణికట్టు మీద ఉన్నప్పుడు అది తెడ్డుతో పాటు ముందుకూ వెనక్కూ ఊగేది, గీత వంకరటింకరగా వచ్చేది. ఇప్పుడు సాఫీగా వస్తోంది. తెడ్డు వేసేటప్పుడు చేయి మడిస్తే వాచీ అంచు మణికట్టులో గుచ్చుకునే బాధా తీరింది. కాలు కదపకుండానే వేల అడుగులు నడిచినట్టు చూపించే వింత కూడా తగ్గింది.

ఇక మోడ్‌ల సంగతి. వంద ఆటల మోడ్‌లు ఉన్నాయని రాసి ఉంటే మోజు పడవద్దు. వాటిలో చాలా వరకు సమయం, హార్ట్ రేట్ మాత్రమే నమోదు చేసి, పేరు మార్చి చూపించేవే. కయాక్ మోడ్‌లో జీపీఎస్ వాడుతుందా, తెడ్డు ఎన్నిసార్లు వేశారో లెక్కపెడుతుందా అన్నవి అడగండి. గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2లో కయాక్‌కు, ప్యాడిల్ బోర్డుకు, రోయింగ్ పడవకు విడివిడి మోడ్‌లున్నాయి.

తడి వేలు, ఎండ, బెల్టు

తడి వేలితో టచ్ స్క్రీను సరిగా పలకదు. అంతకంటే ఇబ్బంది, నీటి చుక్కలనే వేలనుకుని అదే నొక్కేసుకుంటుంది. మంచి బ్యాండ్లన్నిటిలో నీటి లాక్ ఉంటుంది. అది వేస్తే స్క్రీను పనిచేయదు, కాబట్టి మధ్యలో ఆపాలంటే మళ్లీ లాక్ తీయాలి. బటన్లతో నడిచే వాచీకి ఈ తంటా లేదు. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, ఇన్‌స్టింక్ట్ 2 రెండూ ఐదు బటన్లతోనే పనిచేస్తాయి. వాటి స్క్రీనులో మెరుపు ఉండదు, ఇంట్లో చూస్తే పాతకాలం డిజిటల్ వాచీలా అనిపిస్తుంది. అదే పొద్దున్న ఎనిమిది గంటల ఎండలో నీటి మీద చూస్తే, వెలుతురు ఎంత పడితే అంత స్పష్టంగా కనిపిస్తుంది. షాపు లైట్ల కింద అందమైనది ఎంచుకుని సముద్రంలో కళ్లు చికిలించుకునేవాళ్లను చాలామందిని చూశాను.

బెల్టు సిలికాన్‌ది, బకిల్ ఉన్నది తీసుకోండి. గుండీలా నొక్కి పెట్టే రకం లైఫ్ జాకెట్ అంచుకు తగిలి ఊడిపోతుంది. ఊడితే మన కెరటాల్లో ఇక దొరకదు.

32 కిలోమీటర్ల నడకకు

గిరి ప్రదక్షిణ చేసేవాళ్లు బ్యాటరీని వేరేగా చూడాలి. ఆషాఢ పౌర్ణమికి ముందు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి ఏడెనిమిది గంటలు, రద్దీని బట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. డబ్బా మీద ఏడు రోజులు, పది రోజులు అని రాసేది జీపీఎస్ వాడనప్పటి లెక్క. ఫిట్‌బిట్ చార్జ్ 6కి కంపెనీ చెప్పే వారం రోజుల బ్యాటరీ, జీపీఎస్ ఆపకుండా వాడితే ఐదు గంటలే. గోపాలపట్నం చేరకముందే ఆగిపోతుంది. ఫోర్‌రన్నర్ 55కి జీపీఎస్‌తో 20 గంటలు, ఇన్‌స్టింక్ట్ 2కి 30 గంటలు అని చెబుతారు. యాపిల్ వాచ్ మామూలు మోడళ్లలో చాలావాటికి అన్నీ కలిపి ఒక రోజు లోపే. ఆ రోజుల్లో వాన తప్పదు, దారిలో సముద్ర స్నానం చేసేవాళ్లూ ఉంటారు, కాబట్టి 5 ఏటీఎం ఇక్కడా అక్కరకొస్తుంది.

ఎవరికి ఏది

మా వదినకు పొద్దున్న బీచ్ రోడ్డు నడక, ఎండాకాలంలో కొలనులో ఈత. "నాకెందుకయ్యా అంత ఖరీదువి, నడక లెక్క తెలిస్తే చాలు" అంది. "వదినా, మీకు జీపీఎస్ అక్కర్లేదు, రోజూ నడిచే దారే కదా. ఈతకు తట్టుకుంటే చాలు" అని గెలాక్సీ ఫిట్3 ఇప్పించాను. శాంసంగ్ కాకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అలాంటిది చాలు. ఐఫోన్ వాడేవాళ్లకు అది పనికిరాదు, అమేజ్‌ఫిట్ బ్యాండ్ 7 చూసుకోవచ్చు. దానికీ 5 ఏటీఎం ఉంది.

నెలకోసారో, చుట్టాలు వచ్చినప్పుడో కయాక్ ఎక్కి, మిగతా రోజులు నడిచి, పరిగెత్తేవాళ్లకు బిప్ 6 లాంటిది మంచి బేరం. సొంత జీపీఎస్, 5 ఏటీఎం రెండూ పదివేల లోపు దొరుకుతున్నాయి. తెడ్డు వేసేటప్పుడు హార్ట్ రేట్‌ను పట్టించుకోకుండా దూరం, సమయం చూసుకుంటే చాలు.

ప్రతి వారం నీటిలోకి దిగేవాళ్లకు, వాచీ వరకే చూస్తే, నా ఓటు ఇన్‌స్టింక్ట్ 2కి. 10 ఏటీఎం, బటన్లు, తెడ్డు మోడ్‌లు, బ్యాటరీ, మనం అడిగేవన్నీ ఒకచోట ఉన్నాయి. అంత పెట్టలేకపోతే ఫోర్‌రన్నర్ 55, దానికి తోడు మోచేతి సెన్సర్. ఇది పరుగు కోసం చేసిన వాచీ, నీటి మీద నడక మోడ్ పెట్టుకుని దూరం, సమయం చూసుకోవాలి. తెడ్డు లెక్క రాదు. కానీ గుండె అంకె మాత్రం ఒంటరి ఖరీదైన వాచీ కంటే నిజంగా ఉంటుంది. నేను వాడుతున్నది ఈ జతే. సింహాచలం మెట్లు ఎక్కి ఎంత ఎత్తు వచ్చిందో చూసుకోవాలని ఉన్నవాళ్లకు మాత్రం ఇన్‌స్టింక్టే మేలు, అందులో గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచే సెన్సర్ ఉంది, 55లో లేదు.

యాపిల్ వాచ్ ఇప్పటికే ఉన్నవాళ్లు కొత్తది కొనవద్దు. నీటి లాక్ వేసి, బిగువైన బెల్టు మార్చి, సెన్సర్ ఒకటి కలుపుకుంటే పని జరిగిపోతుంది.

ఇంటికొచ్చాక

ఏది కొన్నా నీటి రేటింగ్ శాశ్వతం కాదు. లోపల రబ్బరు సీలు ఏడాది ఏడాదికీ బిగువు తగ్గుతుంది. సబ్బు, షాంపూ, సన్‌స్క్రీన్ దాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తాయి. వాచీతో వేడినీళ్ల స్నానం చేయకండి, నీళ్లను ఆపే సీలు ఆవిరిని కూడా ఆపుతుందని లేదు. సముద్రంలోంచి రాగానే మగ్గులో మంచినీళ్లు పోసి వాచీని ఐదు నిమిషాలు ఉంచండి, అది అలా మునిగి ఉన్నప్పుడు బటన్లు నొక్కకండి. బెల్టు విప్పి దాని కింద కూడా కడగండి. నూలు గుడ్డతో తుడిచి, పిన్నుల దగ్గర పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టండి. తడి పిన్నుల మీద కరెంటు పారితేనే చిలుము వేగంగా పడుతుంది. బీచ్‌కు దగ్గరగా ఇల్లున్నవాళ్లకు గేటు బోల్టులు ఎంత తొందరగా తుప్పు పడతాయో తెలుసు. ఆ ఉప్పుగాలే చార్జింగ్ కేబుల్‌కీ తగులుతుంది. దాన్ని కిటికీ పక్కన వదిలేయకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.